పాపికొండల నుంచి ఉప్పాడ దాకా, కోనసీమ కింద గొయ్యి వెతుక్కుంటూ

కోనసీమంతా గోదారి తెచ్చి పోసిన ఒండ్రేనని మా వైపు ఏ పిల్లోడినడిగినా చెప్తాడు. నిజమే. కానీ మట్టి పోయాలంటే ముందు అక్కడ ఒక గొయ్యి ఉండాలి కదా, ఆ గొయ్యి ఎలా పడింది, కోట్ల ఏళ్లుగా పోస్తూ ఉంటే అది ఇంకా నిండిపోలేదెందుకు అన్నది మాత్రం ఎవరూ అడగరు. డిగ్రీలో జియాలజీ చదివినప్పట్నుంచీ నాకు ఈ ప్రశ్న మీదే మనసు. ఈ కార్తీకంలో సెలవులు దొరికాయి, ముమ్మిడివరం దగ్గర కొబ్బరితోట చేసుకునే మా బావని బతిమాలి కారెక్కించాను, ఇద్దరం గోదారితో పాటే పైనుంచి కిందకి దిగుదాం అనుకున్నాం. ఈ దారిలో ఉన్న గొప్పతనం ఏంటంటే నీళ్లతో పాటు కిందకి వస్తున్నకొద్దీ నేల వయసు తగ్గుతూ వస్తుంది, వంద కోట్ల ఏళ్ల రాయి దగ్గర మొదలెడితే రెండొందల ఏళ్ల ఇసుక దగ్గర తేలుతాం. ఇంత చిన్న దూరంలో ఇంత కాలం చూపించే చోట్లు దేశంలో తక్కువే ఉంటాయని నా నమ్మకం.

శుక్రవారం, పాపికొండలు

గండి పోచమ్మ గుడి దగ్గర బోటెక్కాం. పోలవరం దగ్గర అసలు డ్యామ్ కోసం ముందుగా కాఫర్ డ్యామ్ అనే అడ్డుకట్ట కట్టాక నీళ్లు వెనక్కి తన్ని పాత దేవీపట్నం మునిగిపోయింది, ఆ ఇళ్లు గుర్తున్నవాళ్లకి అటు చూస్తే కడుపులో దేవినట్టుంటుంది. బోటులో పాటలు పెట్టారు, డాన్సులేశారు, మేం మాత్రం ముందు వైపు రెయిలింగ్ పట్టుకుని కొండలే చూస్తూ కూర్చున్నాం.

పేరంటాలపల్లి దగ్గర బోటాపితే అందరూ గుడికెళ్లారు, నేను బావని నీటి ఒడ్డున ఉన్న రాతి దగ్గరికి లాక్కెళ్లాను. పైన ఎర్రగా తుప్పు పట్టినట్టుంది, విరిగిన చోట చూస్తే సన్నటి చారలు, చారల మధ్య ముదురు ఎరుపు గార్నెట్ గింజలు. దీన్ని ఖొండలైట్ అంటారు. సింహాచలం కొండదీ కైలాసగిరిదీ ఇదే రాయి, పూరీ జగన్నాథుడి గుడి కట్టిందీ దీంతోనే.

"ఇది ఒకప్పుడు బురద బావా" అన్నాను.

"ఇదా? సుత్తితో కొడితే సుత్తి ఎగిరేట్టుంది."

నిజంగానే బురద. ఏదో పాత సముద్రం అడుగున పరుచుకున్న బంకమట్టి, ఆ తర్వాత రెండు ఖండాలు గుద్దుకుంటే మధ్యలో నలిగి పాతిక ముప్పై కిలోమీటర్ల లోతుకి దిగిపోయింది, అక్కడ 900 డిగ్రీల దాకా వేడి తగిలి, కరిగీ కరక్కుండా ఉండి, మళ్లీ గట్టిపడి గార్నెట్, సిలిమనైట్ అనే ఖనిజాలు కట్టుకుంది. ఇదంతా దగ్గర దగ్గర వంద కోట్ల ఏళ్ల కిందటి మాట. ఆ గుద్దుకున్న రెండో ఖండం ఏదనుకున్నారు, అంటార్కిటికా. తూర్పు కనుమల రాళ్లకి సరిగ్గా జోడైన రాళ్లు తూర్పు అంటార్కిటికా తీరంలో ఉన్నాయి, వయసూ కలుస్తుంది, రాతి తీరూ కలుస్తుంది. మన దేశం 2012లో భారతి అనే రీసెర్చ్ స్టేషన్ పెట్టింది కదా, అది ఉన్న లార్స్‌మన్ కొండలు ఒకప్పుడు మన తూర్పు తీరాన్ని ఆనుకునే ఉండేవని చెప్తారు. అంటే పాపికొండల అవతల అప్పట్లో సముద్రం లేదు, నేలే. నడిచి వెళ్లిపోవచ్చు.

తిరుగు ప్రయాణంలో బావ అడిగాడు, కింద అంతా మరిగే లావానే అంట కదా, దాని మీద మనం తేలుతున్నాం అంట కదా అని. చాలామంది అలాగే అనుకుంటారు, అలా కాదు. భూమి మధ్యకి 6,371 కిలోమీటర్లు. మన కింద ఖండపు పెచ్చు ముప్పై నలభై కిలోమీటర్లే, దాని కింద 2,900 కిలోమీటర్ల లోతు దాకా మాంటిల్, అది రాయే, గట్టి రాయే, కాకపోతే ఆ వేడికీ ఆ ఒత్తిడికీ ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున మెల్లగా పారగలదు. నిజంగా ద్రవంగా ఉండేది ఇంకా కింద, బయటి కోర్‌లో కరిగిన ఇనుము. దాని లోపల మళ్లీ గట్టి ముద్ద ఒకటుందని భూకంపం అలలు చూసి 1936లో ఇంగె లేమన్ అనే డెన్మార్క్ ఆవిడ కనిపెట్టింది. పెచ్చూ దాన్ని అంటుకున్న పై మాంటిలూ కలిసి వంద కిలోమీటర్లు అటూ ఇటూ మందంలో పలకలుగా ఉంటాయి, అవే ప్లేట్లు. లోపలి వేడి బయటకి పోవాలి, ఆ పోయే క్రమంలోనే ఇవన్నీ కదులుతాయి. ఖండాలు కదుల్తాయని వెగెనర్ 1912లో చెప్తే ఎవరూ నమ్మలేదు, సముద్రం అడుగు చూశాక 1960ల్లో గానీ ఒప్పుకోలేదు.

"మరి ఇప్పుడు మనం కదుల్తున్నామా?"

ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు, ఈశాన్యం వైపు. కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన 1852 నుంచి లెక్కేస్తే ధవళేశ్వరం, రాజమండ్రి, మా బావ తోట, అన్నీ కలిసి ఎనిమిది మీటర్లకి పైనే జరిగాయి. బావ కాసేపేం మాట్లాడలేదు.

శనివారం, పంగిడి వైపు

ఈ ట్రిప్‌లో నాకు ప్రాణం ఈ రోజే. రాజమండ్రిలో టిఫిన్ చేసి బ్రిడ్జి దాటి కొవ్వూరు మీదుగా పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు వైపు వెళ్లాం. కంకర లారీలు ఒకదాని వెనక ఒకటి, రోడ్డంతా దుమ్ము, చెట్ల ఆకులు కూడా బూడిద రంగే. ఈ చుట్టుపక్కల ఏ ఇల్లు కట్టినా స్లాబులో పడేది ఈ నల్లరాయి కంకరే. ఆ రాయి ఎక్కణ్ణించి వచ్చిందో తెలిస్తే మాత్రం నిజంగా ఒళ్లు జలదరిస్తుంది.

ఒక క్వారీవాళ్లని అడిగితే భోజనాల టైమ్‌లో, మిషన్లు ఆపినప్పుడు అంచు దాకా రానిచ్చారు. గోడ మొత్తం కనపడింది. కింద ఒక నల్ల పొర, పైన ఇంకో నల్ల పొర, రెంటి మధ్యలో తెల్లగా సున్నపురాయి. నల్లవి రెండూ లావా, బసాల్ట్. మధ్యలో తెల్లదాంట్లో ఆల్చిప్పలు, నత్తలు. అంటే లావా వచ్చింది, చల్లారింది, దాని మీదకి సముద్రమో నదీముఖమో వచ్చి నిలిచింది, గుల్లలు బతికాయి చచ్చాయి పేరుకున్నాయి, మళ్లీ లావా వచ్చి కప్పేసింది. 6.6 కోట్ల ఏళ్ల కిందట జరిగిన కథ, డైనోసార్లు అంతరించిన కాలం అదే. అందుకే గెర్టా కెల్లర్ లాంటి శాస్త్రవేత్తలు ఈ క్వారీల్లోంచి శాంపిళ్లు పట్టుకెళ్లి, ఆ అంతానికీ ఈ లావాలకీ సంబంధం ఏంటని ఏళ్ల తరబడి వాదిస్తున్నారు. ఉల్కాపాతమా లావానా అన్న వాదంలో నేనెటూ దూరను గానీ, అంత పెద్ద వాదనకి సాక్ష్యం పంగిడి కంకర క్వారీలో ఉందంటే మనవాళ్లకి తెలియాలి.

అసలు విషయం ఇది కాదు. ఈ లావా ఇక్కడ పుట్టింది కాదు. దగ్గర్లో అగ్నిపర్వతం ఏదీ లేదు. ఈ రాతిలో ఏ మూలకం ఎంతుందో కొలిచి చూస్తే మహారాష్ట్రలో మహాబలేశ్వర్ వైపు కొండల్లో ఉన్న లావా పొరలతో సరిపోయింది. దక్కన్ ట్రాప్స్ అంటామే, పశ్చిమ కనుమల్లో మెట్లు మెట్లుగా కనిపించే నల్లటి కొండలు, ఆ లావాయే పాత నదీ లోయల్లో పడి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడి సముద్రం అంచుకొచ్చి ఆగిందని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. భూమ్మీద తెలిసిన అతి పొడుగాటి లావా ప్రవాహాల్లో ఇది ఒకటి. పైన గట్టిపడిన తోలు లోపలి వేడిని పోనివ్వకుండా ఉంచితేనే అంత దూరం పారగలదు.

ఇది విన్నాక ఒక్కసారి ఆలోచించండి, ఆ లోయ అప్పటికే ఉందన్నమాట. పడమటి నుంచి తూర్పుకి దిగే లోయ, ఇప్పటి కృష్ణా గోదావరులు పారే వైపే. అప్పటికి హిమాలయాలు లేవు, గంగ లేదు. మన దేశం ఇంకా భూమధ్యరేఖకి దక్షిణాన, హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి కింద ఇప్పటికీ ఉన్న వేడి మచ్చ, అంటే లోపలి వేడి పైకి ఎగదన్నే చోటు మీదుగా పోతోంది, ఇప్పటికి మూడింతల వేగంతో. ఇంకో కోటిన్నర ఏళ్లకి గానీ ఆసియాని గుద్దలేదు. గుద్దాకే స్పీడు తగ్గింది. గోదారిని దక్షిణ గంగ అంటాం కదా, దారి మటుకు గంగ కంటే పాతది.

ఇప్పుడూ అదే జరుగుతోంది, రూపం మారిందంతే. గోదారి పరీవాహకంలో దాదాపు సగం ఆ దక్కన్ లావా నేలలే. త్రయంబకేశ్వర్ దగ్గర పుట్టి, అరేబియా సముద్రం ఎనభై కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా అటు పోకుండా 1,465 కిలోమీటర్లు ఇటొస్తుంది, ఎందుకంటే పడమటి అంచు పైకి లేచి పీఠభూమి మొత్తం తూర్పుకి వాలింది. ఆ దారిలో నల్లరాయిని అరగదీసి బురదగా మన దగ్గరికి తెస్తోంది. ఒకప్పుడు నిప్పుగా వచ్చినదే ఇప్పుడు వరదల్లో ఎర్రనీళ్లతో నల్లమట్టిగా వస్తోంది. పంగిడి గోడ చూశాక వరి చేలో మట్టిని నేను ఇంకోలా చూడలేకపోతున్నాను.

ఆదివారం, ధవళేశ్వరం

కార్తీక మాసం ఆదివారం, జనం బాగా ఉన్నారు, కాటన్ మ్యూజియం చూసి బయటపడ్డాం. ఆనకట్టని 1847లో మొదలెట్టారు, కావలసిన రాయి ధవళేశ్వరం కొండల్లోనే కొట్టించారు. ఆ రాయి పాపికొండల రాయీ కాదు, పంగిడి రాయీ కాదు, రాజమండ్రి ఇసుకరాయి, ఎర్రగా, గులకరాళ్లు కలిసి ఉంటుంది. పాతిక లక్షల ఏళ్ల నుంచి రెండు కోట్ల ఏళ్ల కిందటి మధ్య, హిమాలయాలు లేస్తున్న కాలంలో, నదులు తెచ్చి పోసిన ఇసుకే గట్టిపడింది. ముఖ్యమైన సంగతేంటంటే ఈ పొరలు కొంచెంగా సముద్రం వైపు వాలి ఉంటాయి, ధవళేశ్వరంలో కొండగా కనిపించే రాయే ముందుకెళ్లేకొద్దీ నేల కిందకి దిగిపోయి కోనసీమ ఒండ్రు కింద మాయమవుతుంది. కొండ అయిపోయే చోటే డెల్టా మొదలవుతుంది, గోదారి గౌతమీ వశిష్టలుగా చీలేదీ అక్కడే. ఇది యాదృచ్ఛికం కాదు. గట్టి నేల అంచు అది, దాని తర్వాత నేల కిందకి దిగింది.

సోమవారం, కోనసీమ నడిబొడ్డు

రావులపాలెం, అమలాపురం దాటి తాటిపాక వైపు. రోడ్డుకి రెండు పక్కలా కాలవ, కొబ్బరి, అరటి, మధ్యలో పైపులైన్ల మీద హెచ్చరిక బోర్డులు. పాశర్లపూడి దగ్గర కారాపాం. 1995 జనవరి 8న ఇక్కడ డ్రిల్లింగ్ చేస్తుంటే బావి పేలి గ్యాస్ అంటుకుంది, రెండు నెలల పైనే మండింది. బావ అప్పుడు స్కూల్లో చదువుతున్నాడు, రాత్రుళ్లు వాళ్ల ఊరి నుంచి కూడా ఆకాశం ఎర్రగా కనపడేదంట, పెద్దవాళ్లు నేల లోపలంతా అంటుకుంటుందేమోనని భయపడ్డారంట.

"మన మట్టి కింద గ్యాస్ ఎందుకుంది రా, అది చెప్పు ముందు" అన్నాడు.

ఆ గొయ్యి కథే ఇది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట ఇండియా, అంటార్కిటికా విడిపోవడం మొదలెట్టాయి. ఖండం ఒక్కసారిగా విరగదు, ముందు లాగబడి సాగుతుంది, పలచబడుతుంది, చీలికల వెంట పెద్ద పెద్ద దిమ్మెలు కిందకి జారతాయి. కిందకి జారినవి గోతులు, మధ్యలో నిలబడిపోయినవి మిట్టలు. మన కాళ్ల కింద ఇవన్నీ పేర్లతో సహా ఉన్నాయి, బాపట్ల మిట్ట, తణుకు మిట్ట, కృష్ణా గొయ్యి, పశ్చిమ గోదావరి గొయ్యి, తూర్పు గోదావరి గొయ్యి. తణుకులో నించుని చూస్తే అంతా చదునే, లోపల మాత్రం కొండా లోయా ఉన్నాయి, పైన మట్టి కప్పేసింది. ఇంకా పాత చీలిక కూడా ఒకటుంది, సింగరేణి బొగ్గు పేరుకున్న ప్రాణహిత గోదావరి లోయ, అది వాయవ్యం నుంచి వచ్చి ఈ తీరపు గోతుల్లో కలుస్తుంది. ఆ పాత చీలికలు ఇంకా పూర్తిగా నిద్రపోలేదు, 1969లో భద్రాచలం దగ్గరా, 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గరా వచ్చిన భూకంపాలు ఆ లోయవే. ములుగుది 5.3, మన వైపు కూడా చాలా ఊళ్లలో తెలిసింది.

చీలిక పడ్డాక సముద్రం వచ్చింది, నదులు మట్టి తెచ్చాయి. ఆ తొలి సముద్రం అడుగున చచ్చిన జీవులతో కలిసి పేరుకున్న నల్లటి బురదే రాఘవాపురం షేల్, మెట్ట ప్రాంతంలో రాఘవాపురం అనే ఊరి దగ్గర పైకి కనపడుతుంది, అందుకే ఆ పేరు. కోనసీమ వైపు అదే పొర కిలోమీటర్ల లోతున ఉంది, అక్కడి వేడికి అందులో ఉన్న జీవపదార్థం గ్యాస్‌గా, నూనెగా మారింది. పొయ్యి కిందే ఉంది, వంట కోట్ల ఏళ్లు నడిచింది.

ఇక గొయ్యి ఎందుకు నిండలేదు అంటే, అది పోస్తుంటే దిగుతూ వచ్చింది. లాగబడి పలచబడ్డప్పుడు కింద నుంచి వేడి పైకొచ్చింది, తర్వాత చల్లారుతున్నకొద్దీ రాయి బరువెక్కి కుంగింది, దానికి తోడు మీద పడ్డ మట్టి బరువు ఇంకా వంచింది. మట్టి పడ్డందుకు నేల దిగుతుంది, నేల దిగినందుకు ఇంకా మట్టి పడుతుంది. ఈ గోతులన్నీ కలిసిన బేసిన్‌లో లోతైన చోట్ల మట్టి మందం 5 కిలోమీటర్లకి పైనే ఉంది. 13 కోట్ల ఏళ్లకి పంచితే ఏడాదికి సుమారు 0.04 మిల్లీమీటర్లు. అంతే. ఆ కుంగడం ఎవరికీ తెలియదు, కానీ అది లేకపోతే గోదారి మట్టి సముద్రంలో ఎక్కడికో జారిపోయేది, మనకి కోనసీమ ఉండేది కాదు. నేను చెప్పాలనుకున్నది ఇదే, ఈ నేల గోదారి ఒక్కదాని దయ కాదు, ఖండం చిరిగిన చోట కుంగిన నేల దయ కూడా.

సాయంత్రం బావ తన తోటలో ఒక సంగతి చూపించాడు, అది నేను చెప్పకముందే అతనికి తెలుసు. తోట మెరక మీద ఉంది, పక్కన పల్లంలో వరి, దాని అవతల మళ్లీ మెరక మళ్లీ కొబ్బరి, ఆ మెరకలన్నీ తీరానికి ఇంచుమించు సమాంతరంగా పోతాయి, తవ్వితే ఒండ్రు కాదు, సముద్రపు ఇసుక. ఒక్కో మెరకా ఒకప్పటి బీచ్. ఇరవై వేల ఏళ్ల కిందట మంచుయుగంలో సముద్రం ఇప్పటి కంటే 120 మీటర్ల కిందుండేది, తర్వాత లేచి లేచి ఆరేడు వేల ఏళ్ల కిందట నెమ్మదించింది, అప్పట్నుంచి గోదారి ఒక్కో బీచ్ కట్టుకుంటూ ముందుకి నడిచింది. ఊళ్లు మెరకల మీద, వరి పల్లాల్లో, మనవాళ్లు నేల చదివే కట్టుకున్నారు.

మంగళవారం, అంతర్వేది

నరసింహస్వామి దర్శనం అయ్యాక అన్నాచెల్లెళ్ల గట్టు వైపు నడిచాం. వశిష్ట సముద్రంలో కలిసే చోటు, ఒక పక్క నీళ్లు మట్టిరంగు, ఒక పక్క నీలం. సముద్రం ముందుకొస్తోందని అక్కడ కొట్టువాళ్లు, పూజారులు, పడవలవాళ్లు, అందరూ ఒకటే మాట. కూలిన సరుగుడు చెట్లు బీచ్‌లోనే పడున్నాయి.

గొయ్యి మెల్లగా కుంగడం వేరు, ఇది వేరు. కొత్తగా పడ్డ ఒండ్రులో నీళ్లు ఎక్కువుంటాయి, కొత్త గడ్డివాము రోజులు గడిచేకొద్దీ తనంతట తానే దిగినట్టు ఇదీ దిగుతుంది, పైగా నేలలోంచి నీళ్లు, గ్యాస్ తీయడం కూడా దీనికి తోడవుతుందని పరిశోధకులంటారు. మరో పక్క సముద్రమేమో ఏడాదికి మూడు నాలుగు మిల్లీమీటర్లు లేస్తోంది, అంటే ఆ పాతకాలపు కుంగుబాటుకి దాదాపు వంద రెట్లు. ఇదివరకు ప్రతి వరదకీ కొత్త మట్టి వచ్చి ఆ తేడాని పూడ్చేది. ఇప్పుడు పైన డ్యాములూ రిజర్వాయర్లూ ఒండ్రుని ఆపేస్తున్నాయి, 1970లతో పోలిస్తే డెల్టాకి వచ్చే మట్టి సగం కూడా లేదు. డ్యాములు వద్దనట్లేదు, మా బావ తోట కూడా కాలవ నీళ్ల మీదే బతికేది. కానీ నీళ్ల వాటా గురించి రాష్ట్రాలు ఇన్నేళ్లుగా కొట్లాడుకుంటూ ఒక్కసారైనా మట్టి వాటా గురించి మాట్లాడకపోవడం నాకు చాలా బాధగా ఉంది. ఏ కొత్త ప్రాజెక్టు రిపోర్టులోనైనా డెల్టా దాకా చేరే ఒండ్రు ఎంతో రాయాలి, అడగాల్సింది కింద ఉన్న మనమే.

బుధవారం, యానాం మీదుగా ఉప్పాడ

ఎదుర్లంక బ్రిడ్జి దాటి యానాం, కోరంగి మడ అడవులు చూసుకుంటూ కాకినాడ. సముద్రంలో అడ్డంగా పదహారు కిలోమీటర్ల పొడుగున హోప్ ఐలాండ్, గౌతమి తెచ్చిన ఇసుకని కెరటాలు ఉత్తరానికి తోసి తోసి గత రెండొందల ఏళ్లలో కట్టిన దిబ్బ. మేం చూసిన నేలల్లో వయసులో అన్నిటికంటే చిన్నది ఇదే. కాకినాడ రేవుకి ఇదే కాపు. కానీ ఆ కాపు దాటగానే ఉప్పాడ, ఇసుక అక్కడికి సరిగా చేరదు, కెరటాల జోరు మాత్రం చేరుతుంది. బీచ్ రోడ్డు ఎన్నిసార్లు వేసినా తుపానుకి కొట్టుకుపోతూనే ఉంది. ఒక మత్స్యకారుడు సముద్రంలోకి చెయ్యి చూపించి "మా తాతగారిల్లు అదిగో, ఆ పడవుంది చూడండి, అక్కడండి" అన్నాడు.

బావకి ఒక అనుమానం మిగిలింది. మన తీరం చిరిగిన అంచే కదా, ఇక్కడే పెద్ద భూకంపం రాదా అని. చిరగడం ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు ఇది ప్లేటు అంచు కాదు, మధ్య భాగం. బంగాళాఖాతం అడుగూ మనమూ ఒకే ప్లేటు. అసలు అంచు అండమాన్ సుమత్రా దగ్గరుంది, అక్కడ మన ప్లేటు పక్కదాని కిందకి దూరుతోంది. 2004 డిసెంబర్ 26 పొద్దున ఆరున్నరకి అక్కడ 9.1తో కదిలితే తొమ్మిది దాటేసరికి సునామీ మన తీరాన్ని తాకింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం వాళ్లు ఆ అంచు మీదే కళ్లేసి కూర్చుంటారు, కదలిక రాగానే హెచ్చరిక ఇస్తారు. ఆ మత్స్యకారుడు కూడా శ్రద్ధగా విన్నాడు, వాళ్ల ఫోన్లకి మెసేజ్‌లు వస్తాయని చెప్పాడు.

ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లకి: పాపికొండల బోట్లు వరదల్లో ఆపేస్తారు, కార్తీకం నుంచి మాఘం దాకా మంచి టైమ్. పంగిడి క్వారీలకి ఓనర్ని అడక్కుండా వెళ్లొద్దు, బ్లాస్టింగ్ టైమ్ కనుక్కుని, గోడ కిందకి పోకుండా పైఅంచు నుంచే చూడండి, గుల్లలున్న తెల్లరాయి బయట కుప్పల్లో కూడా దొరుకుతుంది. నరసాపురం వైపు నుంచి వచ్చేవాళ్లు సఖినేటిపల్లి రేవుకి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద దాటి అంతర్వేది చేరుకోవచ్చు.